నేల టికెట్టు న్యూయార్కుల ఉన్నది

అంగడి నాడు పొద్దుగూకే యాళ్లకు కూరగాయల కాడికి పోయి చూడుండ్రి. పొద్దుగాల కిలోకు ఒక్క రూపాయి తగ్గియ్యని టమాట, సీకటి పడంగనే కుప్పకు ఇంత అని పోసి అమ్ముతరు. అమ్మే అవ్వకు మనమీద దయ పుట్టి కాదు. తెల్లారితె ఆ టమాట మెత్తబడుతది. మళ్ల ఇంటికి మోసుకపోవాల్నంటె ఆటో కిరాయి దండుగ. అందుకే వచ్చిన కాడికి అమ్ముకొని గంప దులుపుకుంటది.

నాటకం సీటు టమాట కంటె జల్ది ఖరాబయ్యే సరుకు. రాత్రి ఎనిమిది గంటల ఆటల ఖాళీగ ఉన్న సీటు, ఎనిమిది దాటి తెర లేచిందంటె ఇగ దేనికీ పనికిరాదు. దాన్ని గోదాంల దాచి రేపు అమ్మలేరు. సీట్ల మనిషి కూసున్నా కూసోకున్నా నటులు ఆడుడు తప్పదు, లైట్లు ఎలుగుడు తప్పదు, హాలు కిరాయి కట్టుడు తప్పదు. ఖర్చు అంతే, రాబడే పోతది. న్యూయార్కుల, లండన్ల ‘ఏ రోజు ఆటకు ఆ రోజే తక్కువ ధరకు టికెట్టు’ అనే పద్ధతి ఈ లెక్క మీదనే పుట్టింది.

ఈ ముచ్చట ఇప్పుడెందుకు ఎత్తినవే అంటరేమో. మా ఊరి దిక్కు పిల్ల ఒకామె న్యూజెర్సీల ఎమ్మెస్ చదువుతున్నది. ఈ నడుమ ఫోన్ల మాట్లాడుకుంట, "మామా, ఇంత దగ్గరుండి బ్రాడ్‌వే నాటకం ఒక్కటన్న చూడకపోతె ఎట్ల? చూద్దామంటె టికెట్టు రెండు వందల డాలర్లు. అది మాసొంటోళ్లకు కాదేమో" అన్నది. చదువుకునే వీసా మీద పోయినోళ్లు కాలేజి నడుస్తున్న రోజులల్ల వారానికి 20 గంటలే పని చెయ్యాలె, అదీ క్యాంపస్‌లనే. గంటకు 15, 16 డాలర్లు వేసుకున్నా ఒక్క నాటకం టికెట్టుకు పన్నెండు గంటలకు పైన కష్టం పోతది. అప్పు చేసి పోయిన పిల్ల అట్ల ఎట్ల ఖర్చు పెడుతది? నేనేమో ఇరవై ఏండ్ల సంది కూడళ్లల్ల, బస్టాండ్ల కాడ టికెట్టు లేని నాటకాలు ఆడినోన్ని. "మాసొంటోళ్లకు కాదు" అన్న మాట చెవులవడితె ఊకోబుద్ధి కాదు. కూసోని చదివిన, అక్కడున్న మనోళ్లను అడిగిన. అక్కడ నేల టికెట్టు అసొంటిది ఉన్నది బిడ్డా, దాని తొవ్వ తెలువాలె అంతే.

ముందుగాల బ్రాడ్‌వే అంటె ఏందో జెర అర్థం చేసుకోవాలె. అది న్యూయార్కుల ఒక రోడ్డు పేరు. కానీ నాటకాల లెక్కల బ్రాడ్‌వే అంటె ఐదు వందలు, అంతకు పైన సీట్లున్న పెద్ద హాళ్లు. టైమ్స్ స్క్వేర్ చుట్టుపక్కల గిసొంటియి 41 ఉన్నయి. మామూలుగ వారానికి ఎనిమిది ఆటలు. సోమవారం చానామటుకు హాళ్లకు సెలవు, బుధవారం, శనివారం పగటి ఆట గూడ ఉంటది. టికెట్టు సగటు ధర వంద డాలర్లు ఎన్నడో దాటింది. గిన్ని సీట్లు వారానికి ఎనిమిది సార్లు నిండాలంటె అయ్యే పనేనా? ఒకటి రెండు నాటకాలకు కొట్లాట, మిగిలిన వాటిల కుర్సీలు ఖాళీ.

1970ల మొదట్ల ఖాళీ మరీ ఎక్కువైంది. న్యూయార్కు పట్నం పరిస్థితే అప్పుడు బాగలేదు. టైమ్స్ స్క్వేర్ దిక్కు రాత్రిపూట పోవాల్నంటె జనం జంకేటోళ్లు. అప్పుడు థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్ అనే లాభం చూసుకోని సంస్థ 1973 జూన్‌ల టైమ్స్ స్క్వేర్ నడుమ ఒక తాత్కాలికపు డేరా అసొంటి బుకింగు పెట్టింది. దానిపేరు టీకేటీఎస్. హాళ్లోళ్లు ఆ రోజు అమ్ముడువోని టికెట్లు ఈడికి పంపుతరు, ఈళ్లు తక్కువ ధరకు అమ్ముతరు. తాత్కాలికం అని పెట్టింది యాభై ఏండ్లు దాటినా నడుస్తనే ఉన్నది. 2008ల కొత్త బుకింగు కట్టి, దాని మీద ఎర్రటి అద్దాల మెట్లు పెట్టిండ్రు. టైమ్స్ స్క్వేర్ ఫోటోలు దిగినోళ్లందరు ఆ మెట్ల మీదనే కూసుంటరు. కింద సగం ధరకు టికెట్లు అమ్ముతున్నరని సగం మందికి తెల్వనే తెల్వదు.

అది నడిచే తీరు ఇట్లుంటది. బుకింగు మీద ఎలక్ట్రిక్ బోర్డు ఉంటది. ఆ పూటకు ఏ నాటకాలు వచ్చినయి, ఎంత తగ్గింపు అని దానిమీద పడుతది. తగ్గింపు వందకు 20 నుంచి 50 దాక. టికెట్టుకు ఇంత అని సర్వీసు చార్జి వేరే. మస్తు గిరాకి ఉన్న నాటకం ఆ బోర్డు మీదికి రాదు, ఎందుకొస్తది? పొద్దున లేని నాటకం సాయంత్రం బోర్డెక్కొచ్చు, ఎందుకంటె ఆట దగ్గరవడ్డకొద్ది హాళ్లోళ్లు ఇంకిన్ని సీట్లు వదులుతరు. అందుకే ఒక్క పేరు పట్టుకొని పోకుండ్రి, నాలుగు పేర్లు మనసుల పెట్టుకొని పోండ్రి. జనవరి, ఫిబ్రవరి చలి దినాలల్ల గిరాకి పడిపోతది, అప్పుడు మంచి నాటకాలు గూడ బోర్డు మీద కనపడుతయి. న్యూజెర్సీ నుంచి బస్సుల వచ్చేటోళ్లు పోర్ట్ అథారిటీ బస్టాండ్ల దిగితె, నడుసుకుంటనే పోవచ్చు. లండన్ల గూడ లెస్టర్ స్క్వేర్ కాడ 1980 సంది ఇసొంటిదే ఉన్నది. ఆడ ఒక జాగ్రత్త: చుట్టుపక్కల దుకాణాలు చానా ‘సగం ధర టికెట్లు’ అని బోర్డులు పెట్టుకుంటయి. అసలుది తోటల, గడియారం గూడున్న చిన్న ఇల్లు లెక్క వేరేగ ఉంటది.

ఇగ ఈ ధర ఎవ్వలకు ఎందుకు తగ్గుతదో చూడుండ్రి. నెల ముందు కొనుక్కున్నోడు రెండు వందలు పెట్టిండు, అదే వరుసల పక్కనోడు వందకే కూసున్నడు. ముందుగాల కొన్నోడు మోసపోయిండా? లేదు. ఆయన పైసలిచ్చి నమ్మకం కొనుక్కున్నడు. ఫలానా నాటకం, ఫలానా సీటు, ఫలానా తారీకు అని ఆయనకు పక్కా. వంద పెట్టినోడు రెండు గంటలు లైన్ల నిలవడ్డడు, ఏ నాటకం దొరుకుతదో తెల్వక నిలవడ్డడు, సీటు స్తంభం సాటున పడ్డా ఊకున్నడు. పైసలున్నోని తాన టైం ఉండది, టైం ఉన్నోని తాన పైసలుండయి. ఈ ఇద్దరిని విడదీసి ఇద్దరి తాన దొరికినంత తీసుకునుడే ఆ బుకింగు చేసే పని. దాంట్ల ధర్మం ఏమీ లేదు, పక్కా వ్యాపారం. అయినా కోట్లమంది మామూలు మనుషులు ఆ వ్యాపారం పుణ్యాననే నాటకం చూసిండ్రు.

వ్యాపారం దాటి పోయినోళ్లు గూడ ఉన్నరు. అక్కడి నుంచే నాకు ముచ్చట మంచిగ అనిపించింది.

జోనథన్ లార్సన్ అని ఒకాయన. న్యూయార్కుల హోటల్ల వెయిటర్‌గ పని చేసుకుంట ఏండ్లకేండ్లు ఒక సంగీత నాటకం రాసిండు. దానిపేరు ‘రెంట్’, అంటె కిరాయి. ఇంటి కిరాయి కట్టలేని కళాకారులు, ఎయిడ్స్ జబ్బుతోని కొట్లాడుతున్న పడుచు పిల్లలు, వాళ్ల బతుకులే కథ. 1996 జనవరి 25న, ఆ నాటకం మొదటిసారి జనానికి చూపెట్టే నాడు తెల్లారకముందే ఆయన పానం పోయింది. వయసు 35. నాటకం పెద్దగ పేరుకొచ్చి, ఏప్రిల్‌ల బ్రాడ్‌వే ఎక్కింది. అప్పుడు ఆడించేటోళ్లకు ఒక ఇబ్బంది వచ్చిపడ్డది: కిరాయి కట్టలేనోళ్ల కథను కిరాయి కట్టగలిగెటోళ్లే చూసుడేంది? అందుకని ముంగట రెండు వరుసలు తీసిపెట్టి, ఆ రోజుకారోజు 20 డాలర్లకు అమ్మిండ్రు.

ముంగట వరుసలు! మన నాయినలను అడుగుండ్రి, టూరింగ్ టాకీసుల, డేరా నాటకాలల్ల అందరికన్న ముంగట కూసునేది నేల టికెట్టోళ్లే. ఈల కొట్టినా, కాగితాలు ఇసిరినా ఆళ్లే. న్యూయార్కోళ్లు మన తీరు చూసి చేసింది కాదు గని, ఆలోచన మాత్రం అదే. ముంగట పడుచు పిల్లలుంటె ఆడేటోళ్లకు గూడ ఊపు వస్తది. ఇది నేను కూడళ్లల్ల ఆడి తెలుసుకున్న సంగతి. కుర్సీల కూసున్న పెద్దమనుషులు సప్పట్లు గూడ లెక్కవెట్టి కొడుతరు.

తర్వాత ఏమైందంటె, ఆ 20 డాలర్ల సీట్ల కోసం పిల్లలు రాత్రంత ఫుట్‌పాత్ మీద పండుకునుడు షురూ చేసిండ్రు. ఆడపిల్లలకు, దూరంకెల్లి వచ్చేటోళ్లకు అది భద్రం కాదని లైను తీసేసి చిట్టీలు పెట్టిండ్రు. ఆటకు రెండు గంటల ముందు వచ్చి పేరు రాసి డబ్బల వేస్తె, చిట్టీ తీసి పిలుస్తరు. బ్రాడ్‌వే లాటరీ అని ఇయ్యాల అందరు చెప్పేది అట్ల మొదలైంది.

‘రెంట్’ ఆడించినోళ్లల్ల జెఫ్రీ సెల్లర్ ఒకడు. ఆయననే 2015ల ‘హామిల్టన్’ ఆడించిండు. అమెరికా పది డాలర్ల నోటు మీదున్న అలెగ్జాండర్ హామిల్టన్ కథ అది. అందుకే లాటరీ టికెట్టు పది డాలర్లు పెట్టిండ్రు, హామిల్టన్ బొమ్మ ఇచ్చి హామిల్టన్ నాటకం చూడు అని. మొదటి వరుసల 21 సీట్లకు వీధి నిండ జనం. చిట్టీ తగలనోళ్లు ఉత్తగ పోవద్దని రాసిన లిన్ మాన్యుయెల్ మిరాండా, తోటి నటులు బయట ఫుట్‌పాత్ మీదనే చిన్న ఆట ఆడి చూపెట్టేటోళ్లు. 2016 జనవరిల లాటరీ ఆన్‌లైన్‌ల పెట్టంగనే మొదటి రోజే 50 వేల మందికి పైన పేర్లు వేసిండ్రు, వెబ్‌సైట్ పడిపోయింది. అదే ఏడు అదే నాటకానికి మంచి సీట్ల ధర 849 డాలర్లకు పెంచిండ్రు. ఒక్క హాల్ల మొదటి వరుస పది, దాని యెనక 849!

దీన్ని ఎట్ల చూడాలె? ఆడించేటోళ్లు చెప్పే మాట ఇది: మేం తక్కువకు అమ్మితె బ్లాకోడు కొని వెయ్యికి అమ్ముతడు, ఆ పైసలు రాసినోనికి, ఆడినోనికి ఎందుకు రావద్దు? ఈ మాట 2001ల ‘ది ప్రొడ్యూసర్స్’ నాటకం టికెట్టు 480 డాలర్లు చేసిన కాడికెల్లి వింటున్నరు. అక్కడి బ్లాకోళ్లు మన లెక్క హాలు ముంగట చెవుల గుసగుసలు పెట్టేటోళ్లు కాదు, కంప్యూటర్ ప్రోగ్రాం పెట్టి నిమిషాలల్ల వేల టికెట్లు మింగుతరు. 2016 డిసెంబర్‌ల దానిమీద చట్టమే చేసుకున్నరు. కాబట్టి ఆ మాటల నిజం లేదని అనను. కానీ 21 సీట్లు పదికి అమ్మి వచ్చిన పేరు, మిగిలిన సీట్లు వందలకు అమ్ముకొనే తందుకు అక్కరకొచ్చింది అన్నది గూడ నిజమే. రెండు నిజాలు పక్కపక్కన ఉంటయి. మన పిల్ల మటుకు ఆ 21లకెల్లి ఒకటి దొరికితె తీసుకోవాల్నా వద్దా అని సిద్ధాంతం మాట్లాడుకుంట కూసోవద్దు, పేరు వెయ్యాలె.

ఇగ పని ముచ్చట. లాటరీ ఇప్పుడు చానామటుకు ఫోన్లనే. సాధారణంగ ముందు రోజు పేరు వెయ్యాలె, గెలిస్తె మెయిల్ వస్తది, గంట లోపల పైసలు కట్టాలె. కట్టకపోతె ఇంకొకలకు పోతది. అందుకే ఫోన్ చూసుకుంట ఉండాలె. రెండో తొవ్వ ‘రష్’. పొద్దున హాలు బుకింగు తెరిచే యాళ్లకు పోయి లైన్ల నిలవడ్డోళ్లకు ఇన్ని టికెట్లు తక్కువకు ఇస్తరు, ఒక్కలకు రెండు మించి ఇయ్యరు. కొన్ని హాళ్లు విద్యార్థులకు వేరే రష్ పెడుతయి. దానికి కాలేజి ఐడీ కార్డు ఉండాలె. మనోళ్ల జేబుల ఆ కార్డు ఎప్పుడు ఉండనే ఉంటది, దాంతోని నాటకం చూడొచ్చని చానామందికి ఎరుక లేదు. మూడో తొవ్వ నిలవడి చూసుడు. హాలు మొత్తం నిండిన నాడు యెనక గోడ కాడ నిలవడే జాగకు తక్కువ ధరకు టికెట్టు ఇస్తరు. రెండున్నర గంటలు నిలవడాలె మరి. టుడేటిక్స్ అనే యాప్‌ల గూడ రష్, లాటరీ రెండూ ఉంటయి. ఏ నాటకానికి ఏ పద్ధతి ఉందో ఆ నాటకం సొంత వెబ్‌సైట్ల చూసుకొని పోవాలె, అన్నిటికీ ఒక్కటే రూలు కాదు. టైమ్స్ స్క్వేర్ల చేతుల కాగితాలు పట్టుకొని ఎదురొచ్చే మనిషి తాన మాత్రం కొనకుండ్రి.

నన్ను అడిగితె లైను కంటె లాటరీ కొంత నయం. లైను పేదోనికి అనుకూలం అంటరు, అది సగమే నిజం. పొద్దున పది గంటలకు లైన్ల నిలవడాల్నంటె ఆ రోజు పనికి పోవద్దు. కూలి పోగొట్టుకొని నిలవడుడు తక్కువ ధర ఎట్లయితది? పైసలున్నోడు మనిషిని కిరాయికి పెట్టి లైన్ల నిలవెడుతడు, న్యూయార్కుల ఇది ఒక పని లెక్కనే నడుస్తది. యూరియా లైన్ల చెప్పులు, పాస్‌బుక్కులు పెట్టి కూసున్న మనకు లైను సంగతి ఒకలు చెప్పాల్నా?

వీటన్నిటికన్న నాకు నచ్చిన మనిషి జోసెఫ్ పాప్. బ్రూక్లిన్‌ల పేద వలస కుటుంబంల పుట్టిండు. షేక్‌స్పియర్ నాటకాలు పార్కులల్ల ఉత్తగనే చూపెట్టాలె అని పట్టువట్టిండు. 1959ల పార్కుల పెద్దాఫీసరు రాబర్ట్ మోజెస్ అడ్డం పడ్డడు. జనం తొక్కితె గడ్డి పోతున్నది, టికెట్టు పెట్టి ఆ పైసలు కట్టు అన్నడు. మోజెస్ అంటె ఆ రోజులల్ల మేయర్లే భయపడేటోళ్లు. పాప్ టికెట్టు పెట్టను అన్నడు, కోర్టుకు పోయిండు, గెలిచిండు. 1962ల సెంట్రల్ పార్కుల డెలకోర్ట్ అనే బయలు రంగస్థలం తయారైంది. ఎండకాలంల ఆడ షేక్‌స్పియర్ నాటకాలు ఇప్పటికీ ఉత్తగనే. టికెట్టు ఏ రోజుదా రోజే, ఒక్కలకు రెండు. పేరున్న సినిమా నటులు గూడ ఆడ ఆడుతరు. మన పిల్లలు ముందుగాల చూడాల్సింది ఇదే అంట నేను, బ్రాడ్‌వే తర్వాత.

షేక్‌స్పియర్ బతికున్న నాడు గూడ లండన్ గ్లోబ్ నాటకశాలల ఒక్క పెన్నీ ఇచ్చినోళ్లు వేదిక ముంగట నేల మీద నిలవడి చూసేటోళ్లు. 1997ల మళ్ల కట్టిన గ్లోబ్‌ల ఏడు వందల మంది అట్లనే నిలవడి చూసే జాగ ఉంచిండ్రు, చానా ఏండ్లు దానికి ఐదు పౌండ్లే తీసుకున్నరు.

మన కాడికొస్తె, ఊర్లల్ల చిందు భాగోతానికి టికెట్టు ఎవ్వలు కొన్నరు? ఊరంత ఇంత వేసుకొని ఆడిపిచ్చుకున్నరు, పైస లేనోడు గూడ ముంగటనే కూసున్నడు. 1885ల కడప జిల్లాల పుట్టిన సురభి నాటక సమాజపోళ్లు డేరాలు మోసుకుంట ఊరూరు తిరిగిండ్రు. సినిమా గూడ చానా కాలం నేల, బెంచీ, కుర్సీ అని మూడు మెట్లుగ నడిచింది. ఇప్పుడు ఆ కింది మెట్టు తీసేసిండ్రు.

సినిమా సీటు గూడ ఏ ఆటకు ఆ ఆట ఖరాబయ్యే సరుకే గదా? కానీ మన కాడ లెక్క తలకిందులు. కొత్త సినిమా వస్తె ప్రభుత్వమే జీవో ఇచ్చి ధర పెంచనిస్తది. 2024 డిసెంబర్‌ల ‘పుష్ప 2’ ముందు రోజు ఆటకు తెలంగాణల టికెట్టు మీద 800 రూపాయలు అదనంగ తీసుకొమ్మన్నరు. ఆ ఏడు ఉపాధి పని కూలి రోజుకు 300. పెంచిన కాడికే దగ్గర దగ్గర మూడు దినాల కూలి. మొదటి వారంల పెంచుకుంటరు సరే, మూడో వారంల హాలు ఖాళీ అయినంక తగ్గిస్తరా అంటె అదీ లేదు. ఇరవై మందికి ఏసీ నడిపిస్తరు గని ధర దింపరు. 2022 సెప్టెంబర్ 23న జాతీయ సినిమా దినం అని దేశంల చానా మల్టీప్లెక్సులు 75 రూపాయలకు టికెట్టు పెడితె హాళ్లు నిండినయి. జనానికి సినిమా మీద మోజు పోలేదని ఆ ఒక్క రోజే చూపెట్టింది.

అందుకని నేను అడిగేది చిన్నదే. ధర పెంచే జీవోల ఒక్క షరతు చేర్చాలె: పెంచిన ప్రతి ఆటల ముంగట రెండు వరుసలు పాత ధరకే, ఏ రోజుదా రోజు, హాలు బుకింగుల ఇయ్యాలె. ఒక్కలకు రెండు టికెట్లు, మించితె చిట్టీ. ఆరు వందల సీట్ల హాల్ల రెండు వరుసలంటె యాభై సీట్లు ఉంటయేమో. 849 డాలర్లకు టికెట్టు అమ్మినోళ్లే ఒక వరుస తీసిపెట్టిండ్రు. రేపు ఏ పెద్ద సినిమా జీవో వచ్చినా, దానికింద ఈ రెండు వరుసల ముచ్చట అడుగుండ్రి. మీ ఎమ్మెల్యే ఫేస్‌బుక్ పేజీల అడిగినా సరే, సినిమాటోగ్రఫీ మంత్రికి కాగితం రాసినా సరే.